వంటింట గ్యాసు పొయ్యి : పంచాయతీ సభ్యులు గమనింపవలసిన సంగతులు

పూర్వపు నల్లగొండ, మహబూబునగరు జిల్లాల మెట్టసీమలో నేడు ఏ పల్లెకు పోయినను, చాల యిండ్లలో రెండు పొయ్యిలు కనబడును. ఒకటి పెరటిలోనో, వసారాలోనో, వంటగది మూలనో నేలమీద మట్టితో వేసిన కట్టెల పొయ్యి. కందికట్టె, పత్తికట్టె, సర్కారుతుమ్మ కొమ్మలు దానికి ఇంధనము. స్నానమునకు నీళ్లు, ఎడ్లకు ఉలవలు, ఇంటిల్లిపాదికి జొన్నరొట్టెలు దానిమీదనే అగును. రెండవది గ్యాసు పొయ్యి. తెల్లవారుజామున చాయ, పిల్లలు బడికి పోవు వేళకు అన్నము, చుట్టములు వచ్చినపుడు కూర దానిమీద. కట్టెల పొయ్యిలో నివురుగప్పిన నిప్పు పగలంతయు ఉండును. గ్యాసు సిలిండరు దానికి బారెడు దూరములో నిలిచియుండును. ఈ పొరుగు మంచిది కాదు. ఎందుచేత కాదో, దానిని సరిదిద్దుటకు పంచాయతీ ఏమి చేయగలదో తెలుపుటకే మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన దేశమున వంటగ్యాసు అమ్మకము 1955లో బొంబాయి నగరమున ఆరంభమైనది. ప్రభుత్వ రంగములోని ఇండేను గ్యాసు 1965లో కలకత్తాలో మొదటి వంటింటికి చేరినది. ఆపైన మూడు దశాబ్దములకు పైగా అది పట్టణవాసుల సౌకర్యముగనే ఉండెను. పల్లెలకు అది పెద్ద యెత్తున వచ్చుటకు దారి తీసినది 1999లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రవేశపెట్టిన దీపం పథకము. పేద కుటుంబముల మహిళలకు, ముఖ్యముగా పొదుపు సంఘముల సభ్యురాండ్రకు, ధరావతు లేకుండ కనెక్షన్లు ఇచ్చిరి. తరువాత 2016 మే నెలలో ఉత్తరప్రదేశములోని బలియాలో కేంద్ర ప్రభుత్వము ఉజ్జ్వల యోజనను ప్రారంభించినది. తెలంగాణలో 500 రూపాయలకు సిలిండరు లభించునట్లు మహాలక్ష్మి పథకము 2024 ఫిబ్రవరిలో మొదలైనది.

కట్టెల పొగ వలని కీడు మన స్త్రీలకు ఒకరు చెప్పవలసినది కాదు. కండ్లమంట, ఎడతెగని దగ్గు, ఊపిరితిత్తుల జబ్బు వారి అనుభవములోనివి. ఇంటి పొగ మూలముగా 2020లో లోకమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టినది. కనుక గ్యాసు పల్లెకు వచ్చుట మేలే. అయితే దీపం పథకము నడిచిన తీరును ప్రపంచ బ్యాంకు వారు పరిశీలించినపుడు ఒక సంగతి తేలినది. గ్రామములలోని కుటుంబములు గ్యాసు వచ్చిన తరువాత కూడ కట్టెలను విడువలేదు. సిలిండరును పొదుపుగా, అవసరమునకు మాత్రమే వాడుకొనిరి. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. కూలిమీద బ్రదుకు సాగించు వారు ఖర్చు చూచుకొనక తప్పదు. కాని అరుదుగా వాడు పొయ్యికి శ్రద్ధ తగ్గును, నిప్పు మాత్రము ప్రక్కనే ఉండును. పట్టణమువారికై వ్రాసిన జాగ్రత్తల పట్టికలలో ఈ రెండు సంగతులకు చోటు లేదు.

నేలకు దిగు వాయువు

సిలిండరులో నున్నది ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. దానిని ఒత్తిడితో ద్రవముగా మార్చి నింపుదురు. ఇంటి సిలిండరులో 14.2 కిలోలుండును. ఒక లీటరు ద్రవము బయటికి వచ్చి వాయువైనపుడు సుమారు 250 లీటర్ల చోటు ఆక్రమించును. నిండు సిలిండరులో ఆరు వేల లీటర్లకు మించిన వాయువు అణగియున్నదన్న మాట.

ఈ వాయువు గాలికంటె ఒకటిన్నర మొదలు రెండింతల వరకు బరువైనది. పొగ పైకి పోవును. ఇది క్రిందికి దిగును. చెరువు తూము వదలినపుడు నీరు పల్లము వెదకుకొనునట్లు ఈ వాయువు నేలమీద ప్రాకి, గుంటలలో, మూలలలో, మంచము క్రింద, గడప లోపలి ప్రక్కన నిలుచును. మన పాత మిద్దె యిండ్లకు ఎత్తైన గడపలు, చిన్న కిటికీలు, పైకప్పున గవాచి ఉండుట తెలిసినదే. గవాచి పొగకు చక్కని దారి. గ్యాసు విషయములో మాత్రము అది అక్కరకు రాదు. ఎత్తైన గడప వరిమడి గట్టువలె గ్యాసును లోపలనే నిలుపును. కావున అట్టి యిండ్లలో నేలకు జేనెడు ఎత్తున, బయటి గోడకు ఒక చిన్న రంధ్రము చేసి, ఎలుకలు రాకుండ ఇనుప జల్లెడ బిగించుట మంచిది. ఖర్చు కొద్ది, మేలు పెద్ద.

గాలి నూరు పాళ్లలో ఈ వాయువు రెండు పాళ్లు మొదలు తొమ్మిది పాళ్ల వరకు కలిసినపుడు ఒక్క నిప్పురవ్వతో గదియంతయు భగ్గుమనును. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల వంటగదిలో అట్టి స్థితి వచ్చుటకు సుమారు ఒక కిలో గ్యాసు చాలును. అది నేలమట్టమున చేరుకొనియుండుట వలన అంతకంటె తక్కువైనను అపాయమే. ఇక కట్టెల పొయ్యి ఎక్కడ నున్నది? నేలమీద. గ్యాసు దిగు చోటునకే నిప్పు కాచుకొని యున్నట్లైనది. స్విచ్చులు గోడమీద నాలుగడుగుల ఎత్తున నున్నవి, నివురుగప్పిన నిప్పు గ్యాసు మట్టమున నున్నది. మన పల్లెలలో మొదట భయపడవలసినది దీనికే.

కాబట్టి మేము చెప్పు ముఖ్యమైన మాట ఇది: ఒకే గదిలో కట్టెల పొయ్యియు, గ్యాసు పొయ్యియు ఉండరాదు. కట్టెల పొయ్యిని పెరటిలోనికి, రేకుల చాయకో పందిరి క్రిందికో మార్చవలెను. రెండవ గది లేని ఇంటివారికి పెరటిలో చిన్న చాయ వేసికొనుటకు మహిళా సంఘము ద్వారా అప్పు ఇప్పించుటకు పంచాయతీ సభ్యులు పూనుకొనవచ్చును. మార్చుట ఏవిధముగను వీలు కానిచో, గ్యాసు వాడునపుడు కట్టెల పొయ్యిలోని నిప్పును నీటితో పూర్తిగ ఆర్పవలెను. నివురు కప్పి మాపటికి దాచుకొను అలవాటు గ్యాసున్న గదిలో పనికిరాదు. ఆ గదిలోనే కిరోసిను బుడ్డి, దేవుని దీపము, ఎండుకట్టెల మోపు ఉంచరాదు. ఫ్రిజ్ పెట్టె కూడ తనంతట తాను నిప్పురవ్వ పుట్టించును గావున దానిని వేరు గదిలో ఉంచుట మేలు.

పొయ్యికి ఎత్తు, సిలిండరుకు నేల

సిలిండరును నేలమీద నిట్టనిలువుగ నిలుపవలెను. పొయ్యి దానికంటె ఎత్తున ఉండవలెను. మన ప్రాంతమున ఇందుకు విరుద్ధముగ జరుగుట ఎక్కువ. పీటమీద కూర్చుండి వండుట అలవాటగుటచే పొయ్యిని నేలమీద పెట్టి, సిలిండరును ప్రక్కన నిలుపుదురు. అప్పుడు మంట వేడి సిలిండరు పొట్టకు తగులును. కారిన గ్యాసు నేరుగా మంటలోనికే దిగును. తాండూరు, షాహాబాదు బండలు మనకు సులభముగ దొరకును. ఒక బండను రెండు చిన్న గోడలమీద నిలిపినచో రెండున్నర అడుగుల ఎత్తున చక్కని తిన్నె అగును. ఇరుప్రక్కల గోడలుండి ముందు తెరపియున్న ఆ తిన్నె క్రింద సిలిండరు పెట్టవచ్చును గాని, తలుపులు బిగించి మూసివేయరాదు. నిలుచుండి రొట్టె చరచుట కుదరదని ముసలమ్మలు అనుట కద్దు. వారి మాట త్రోసివేయదగినది కాదు. రొట్టెను పీటమీద క్రిందనే చరచి, పెనము మాత్రము తిన్నెమీద పెట్టుకొను ఇల్లాండ్రు పెక్కుమంది కలరు.

జొన్నరొట్టె పెనము గురించి మరియొక మాట. కట్టెల పొయ్యికై చేసిన వెడల్పైన ఇనుప పెనమును చిన్న గ్యాసు పొయ్యిమీద పెట్టినచో, అది రెండు బర్నర్లను కప్పివేసి వేడిని క్రిందికి త్రిప్పికొట్టును. మీటలు కాగిపోవును, వాటిలోని చమురు ఎండి గ్యాసు సన్నగా కారుటకు ఆరంభించును. పొయ్యికి తగిన పెనము వాడవలెను. సంక్రాంతికి సకినాలు, గారెలు చేయునపుడు పెద్ద మూకుడు పెట్టుటయు ఇట్టిదే. నూనె కాగి మండుకొన్నయెడల మీట త్రిప్పి మంట ఆపి, మూకుడుపై మూత వేయవలెను. నీళ్లు పోసినచో మండుచున్న నూనె చిమ్మి మనిషి మీద పడును.

ట్యూబు, రెగ్యులేటరు

ప్రమాదములకు ట్యూబు ముఖ్య కారణములలో నొకటి. బజారులో మీటరు చొప్పున అమ్ము చౌక రబ్బరు గొట్టము గ్యాసుకు తగదు. లోపల ఉక్కు తీగ అల్లిక గల, నారింజ రంగు సురక్షా ట్యూబును ఏజెన్సీ వద్దనే కొనవలెను. ప్రామాణిక చిహ్నము, తయారైన సంవత్సరము దానిమీద అచ్చువేసియుండును. ఐదేండ్లు దాటినచో మార్చవలెను. చూచుటకు బాగున్నదని ఉపేక్షింపరాదు. జొన్నలు, కందులు నిలువచేయు మన యిండ్లలో ఎలుకలకు కొదవలేదు; వాటి పంటికి రబ్బరు ట్యూబు ఒక లెక్క కాదు. ట్యూబుపై గుడ్డ తొడుగరాదు. తొడుగు అందముగ నుండవచ్చును గాని పగులు కనబడదు. ఒక ట్యూబు నుండి చీల్చి రెండు పొయ్యిలకు కలుపుట, మధ్యలో అతుకు వేయుట పూర్తిగ నిషిద్ధము.

సిలిండరు ఇంటికి వచ్చినపుడు చూడవలసిన గుర్తు ఒకటి కలదు. పై భాగమున చుట్టుపట్టీని మోయు ఇనుప పలకల లోపలివైపున ఒక అక్షరము, రెండంకెలు వ్రాసియుండును. ఏ అనగా మార్చి, బి అనగా జూను, సి అనగా సెప్టెంబరు, డి అనగా డిసెంబరు నెలాఖరు. అంకెలు సంవత్సరమును తెలుపును. బి-28 అని యున్నచో, ఆ సిలిండరును 2028 జూను నెలాఖరు లోపల మరల పరీక్షింపవలెనని అర్థము. గడువు దాటిన దానిని తీసికొనక త్రిప్పి పంపుటకు వినియోగదారునికి హక్కు కలదు. అట్లే తూకము వేయించి చూచుటకు, మూతిలోని రబ్బరు వలయము సరిగనున్నదో లేదో, గ్యాసు కారుచున్నదో లేదో తెచ్చినవానిచేత పరీక్ష చేయించుటకు కూడ హక్కు కలదు. ఈ అక్షరపు గుర్తును ఊరిలో పది మందికి నేర్పినచో ఏజెన్సీవారును జాగ్రత్త వహింతురు.

దారముతో కట్టియుండు మూతను పారవేయుట, పిల్లలకు ఆటవస్తువుగ ఇచ్చుట మేము చాల చోట్ల చూచితిమి. గ్యాసు కారునపుడు రెగ్యులేటరు తీసి బిగింపవలసినది ఆ మూతనే. దానిని ఎల్లప్పుడు సిలిండరుకు తగిలించియే ఉంచవలెను.

గ్యాసు అయిపోవచ్చినపుడు సిలిండరును పండబెట్టుట, తలక్రిందులు చేయుట, వేడినీళ్లలో నిలుపుట కొన్ని పల్లెలలో వాడుకగ నున్నది. మరుసటి సిలిండరు ఖర్చును నాలుగు దినములు వెనుకకు నెట్టవలెనన్న ఆశ అందుకు మూలము. పండబెట్టిన సిలిండరు నుండి వాయువునకు బదులు ద్రవమే రెగ్యులేటరులోనికి పోవచ్చును. అప్పుడు పొయ్యిలో వచ్చునది వంటమంట కాదు, నిలువెత్తు జ్వాల. అరపూట చాయకై అంత అపాయమునకు ఒడిగట్టరాదు.

వెలిగించుట, ఆర్పుట

వంట మొదలుపెట్టుటకు ముందు తలుపు, కిటికీ తెరవవలెను. వాసన లేదని నిశ్చయించుకొని రెగ్యులేటరు త్రిప్పవలెను. అగ్గిపుల్ల వెలిగించి బర్నరు దగ్గర ఉంచిన తరువాతనే మీట త్రిప్పవలెను. మీట త్రిప్పి అగ్గిపెట్టెకై వెదకుట ఎదురుగ జరుగు పొరపాటు. మొదటిసారి వెలుగనిచో మీట మూసి, కొంతసేపు ఆగి, మరల ప్రయత్నింపవలెను. నైలాను చీర వేలాడు కొంగుతో మంట దగ్గరకు వంగరాదు. నూలు బట్ట కట్టి కొంగు నడుమున దోపుకొనుట మేలు. పత్తిచేని నుండి ప్రొద్దుగూకి వచ్చి, అలసటతో పాలు పొయ్యిమీద పెట్టి కునుకు తీయుట వలన పాలు పొంగి మంట ఆరును, గ్యాసు మాత్రము వచ్చుచునే ఉండును. అన్నము, జొన్న అంబలి, గటక ఏది పొంగినను ఇంతే. పొయ్యి వెలుగుచుండగా మనిషి అక్కడ నుండి కదలరాదు.

రాత్రి పండుకొనుటకు ముందు పొయ్యి మీట ఒక్కటి మూసిన చాలదు. రెగ్యులేటరును మూయవలెను. ఊరికి పోవునపుడు రెగ్యులేటరు తీసి మూత బిగింపవలెను.

శుభ్రము చేయుట

సరియైన మంట నీలముగ, నిలకడగ, చప్పుడు లేక ఉండును. పచ్చగ, నాలుకలు చాచి, గిన్నె అడుగున మసిపట్టించు మంట వచ్చినదన్న గ్యాసుకు తగినంత గాలి కలియుట లేదని గ్రహింపవలెను. గ్యాసు వృథా యగును. మూసిన గదిలో విషవాయువు కూడ పుట్టవచ్చును. ఇట్లు జరుగుటకు చాల సార్లు కారణము మురికియే. రొట్టెపిండి రాలి, అంబలి పొంగి, పప్పునీరు ఎండి బర్నరు రంధ్రములను పూడ్చివేయును. బోరునీరు ఉప్పుగానున్న ఊళ్లలో పొంగిన నీరు తెల్లని పెచ్చుగ గట్టిపడును.

శుభ్రము చేయదలచినపుడు మొదట రెగ్యులేటరు మూసి, పొయ్యి చల్లారు వరకు ఆగవలెను. పైనున్న కాళ్లను, బర్నరు బిళ్లలను, పొంగునీటి పళ్లెములను తీసి, గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బు వేసి అరగంట నానబెట్టవలెను. ఇత్తడి బిళ్లకు చింతపండు పులుసు లేక నిమ్మచెక్క చక్కగ పనిచేయును. పాత పండ్లకుంచెతో రుద్దవలెను. ఇటుకపొడి, బూడిద, కొబ్బరిపీచు గిన్నెలకు మంచివే గాని బర్నరు బిళ్లకు కావు. వాటి రేణువులు రంధ్రములలో చిక్కుకొనును. పూడిన రంధ్రములను సన్నని సూదితో ఒక్కొక్కటిగ తెరవవలెను. చీపురుపుల్ల వాడినచో లోపల విరుగును. కడిగిన తరువాత ఎండలో పూర్తిగ ఆరనిచ్చి, మరల దాని స్థానములో ఒరగకుండ కూర్చవలెను. వంకరగ కూర్చిన బిళ్ల క్రిందినుండి మంట బయటికి తన్నును.

పొయ్యి పైభాగమును తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తవలెను. చెంబుతో నీళ్లు గుమ్మరించి కడుగరాదు; నీరు గొట్టములలోనికి పోయి త్రుప్పు పట్టించును. ట్యూబును వారమునకొకసారి తడిగుడ్డతో తుడుచుచు, వ్రేళ్లతో తడిమి, ముఖ్యముగా రెండు కొనల వద్ద పగుళ్లున్నవేమో చూడవలెను. మీట బిగిసినచో ఇంటిలోని నూనె వేసి బలవంతముగ త్రిప్పరాదు. మీట లోపల గ్యాసు వెలువడు సూక్ష్మరంధ్రము గల చిన్న ఇత్తడి ముక్క యుండును. దానిలో సూది పెట్టి పొడుచుట ఎన్నడును కూడదు. ఆ రంధ్రము వెంట్రుకవాసి పెద్దదైనను గ్యాసు అధికముగ వచ్చును. అది మెకానిక్ చేయవలసిన పని.

అరుదుగా వాడు పొయ్యిలకు మరియొక చిక్కు కలదు. నెలల తరబడి పొయ్యి మూలనున్నచో, గాలి లోనికి పోవు గొట్టపు నోటిలో సాలీడు గూడు అల్లును. కుమ్మరిపురుగు మట్టితో ఇల్లు కట్టుకొనును. పండుగనాడు వెలిగించినపుడు మంట పైన బర్నరులో గాక, బుస్సుమను చప్పుడుతో గొట్టము లోపలనే మండును. అట్లైన వెంటనే ఆర్పి, చల్లారిన పిదప ఆ గొట్టమును శుభ్రము చేయించవలెను. మూలనున్న పొయ్యిని పలుచని గుడ్డతో కప్పియుంచుట, వాడుటకు ముందు క్రిందివైపు పరిశీలించుట సులభమైన ఉపాయములు.

వాసన వచ్చినపుడు

ఈ గ్యాసుకు స్వతస్సిద్ధముగ వాసన లేదు. కారినపుడు మనుష్యులకు తెలియుటకై ఇథైల్ మెర్కాప్టను అను దుర్గంధ ద్రవ్యమును కావలెనని కలుపుదురు. మండు పరిమాణములో ఐదవ వంతుకు చేరునప్పటికే వాసన తగులునట్లు దాని మోతాదు నిర్ణయించిరి. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసనను పోలియుండును. ముసలివారికి, జలుబు చేసినవారికి వాసన పట్టకపోవచ్చును. ఆ యింట మరియొకరు కనిపెట్టవలెను.

వాసన వచ్చిన వెంటనే స్విచ్చు వేయరాదు. వేసియున్న స్విచ్చును ఆర్పను కూడ రాదు. రెండింటను నిప్పురవ్వ పుట్టును. పంకా వేసి గ్యాసు వెళ్లగొట్టుదమను తలంపు ప్రాణాంతకము. అగ్గిపుల్ల, చరవాణి, టార్చిలైటు అక్కడ ముట్టరాదు. కరెంటు పోయిన రాత్రులలో క్రొవ్వొత్తితో లోనికి పోవుట మరింత ప్రమాదకరము. చేతనైనచో రెగ్యులేటరు మూసి, తీసి, మూత బిగించి, తలుపులు కిటికీలు బార్లా తెరచి, పిల్లలను వృద్ధులను తీసికొని బయటికి రావలెను. పెరటిలోని కట్టెలపొయ్యిని, ప్రక్కయింటి పొయ్యిని నీళ్లతో ఆర్పించవలెను. బయటికి, దూరముగ వచ్చిన పిదప 1906 అను నంబరుకు ఫోను చేయవలెను. గ్యాసు కారుటకు సంబంధించిన ఫిర్యాదులకై అది పగలు రాత్రి పనిచేయు నంబరు. కారు చోటును కనుగొనుటకు సబ్బునురుగు పూసి బుడగలు వచ్చునేమో చూడవలెను. అగ్గిపుల్ల గీచి వెదకు సాహసులు ఇంకను ఉన్నారని వినుటకు మాకు విచారము.

మూతివద్ద చిన్న మంట అంటుకొన్నపుడు నీటిలో ముంచిన మందపాటి గోనెసంచి కప్పి రెగ్యులేటరు మూయగలిగినచో మంట ఆరును. మంట పెద్దదైనను, సిలిండరు వేడెక్కినను దగ్గరకు పోరాదు. జనమును దూరముగ పంపి 101కి కబురు చేయవలెను. ఒంటిమీది బట్ట అంటుకొన్నవారు పరుగెత్తరాదు. నేలమీద పడుకొని దొర్లవలెను. మన గొల్ల కురుమల ఇండ్లలోని గొంగడి ఇట్టి వేళ గొప్ప సాధనము. ఉన్ని సులభముగ మండదు. కాలిన చోట ఇరువది నిమిషముల పాటు మామూలు చల్లని నీరు ధారగ పోసి, 108 బండిలో ఆసుపత్రికి తరలింపవలెను. సిరా, పసుపు, పేడ, పండ్లపొడి ముద్ద ఏదియు పూయరాదు.

బీమా, బడి వంటగది

ప్రమాదమైన కుటుంబమునకు సహాయము కలదన్న సంగతి పెక్కుమందికి తెలియదు. చమురు సంస్థలు తమ వినియోగదారుల కొరకు బీమా తీసికొనియున్నవి. వినియోగదారుడు దానికి విడిగ రుసుము చెల్లింపనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వము పార్లమెంటుకు తెలిపిన ప్రకారము మరణించిన మనిషికి 6 లక్షల రూపాయలు, గాయపడినవారి చికిత్సకు ఒక్కొక్కరికి 2 లక్షలకు మించకుండ ఒక ప్రమాదమునకు మొత్తము 30 లక్షల వరకు, నమోదైన ఇంటిలోని ఆస్తినష్టమునకు 2 లక్షల వరకు లభింపవచ్చును. వెంటనే ఏజెన్సీకి వ్రాతపూర్వకముగ తెలుపవలెను. పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితములు భద్రపరుపవలెను. బంధువు సిలిండరు ఎరువు తెచ్చుకొనుట, చేని గుడిసెకు మోసికొనిపోవుట, పెద్ద సిలిండరు నుండి చిన్నదానిలోనికి దొంగతనముగ నింపించుకొనుట వలన ఈ సహాయము కూడ చేజారవచ్చును. దుఃఖములో నున్న కుటుంబము కాగితముల వెంట తిరుగలేదు. ఆ పని వార్డు సభ్యుడు తన మీద వేసికొనదగినది.

2017 నుండి చమురు సంస్థలు ఎల్.పి.జి. పంచాయతీ అను పేర గ్రామములలో స్త్రీలను సమావేశపరచి గ్యాసు వాడుకను బోధించుట జరిగినది. అట్టి సమావేశమును మీ ఊరిలో ఏర్పాటు చేయుమని ఏజెన్సీని మీరే అడుగవచ్చును. వట్టి ఉపన్యాసముతో సరిపెట్టనీయక, గుర్తింపుకార్డు గల మెకానిక్‌ను పిలిపించి, ఒక దినమున వాడవాడ తిరిగి ట్యూబుల సంవత్సరములను చూపించి, గడువు దాటిన ఇండ్ల పట్టిక వ్రాయించవలెను. ఐదేండ్లకొకసారి జరుగవలసిన తనిఖీ తమ ఇంట జరిగినదో లేదో చాలమందికి జ్ఞాపకముండదు. కొత్త ట్యూబు కొనుటకు చేతకాని ముసలి ఒంటరులు ఊరికి నలుగురైదుగురు ఉందురు. వారికి కొని ఇచ్చుటకు దాతలు దొరకని పల్లె ఉండదని మా నమ్మకము.

మొదట తనిఖీ చేయవలసినది మాత్రము బడిలో మధ్యాహ్న భోజనము వండు గదిని, అంగన్వాడీ వంటింటిని. అక్కడ గంగాళములు పెద్దవి, పొయ్యి ఇంటి పొయ్యి. బరువునకు కాళ్లు వంగును. సిలిండర్లు పిల్లలు కూర్చుండి తిను వసారాకు ఆనుకొని యుండును. ఒక్కొక్కచోట కట్టెలపొయ్యియు ఆ గదిలోనే మండుచుండును. సిలిండరు గది వెలుపల గోడవారగ, ఎండ తగులకుండ, తాళమున్న జాలీలో నిలిపి, బరువు మోయగల ఇనుప పొయ్యి చేయించి, తలుపు వద్ద రెండు బకెట్ల ఇసుక, తడుపుటకు గోనెసంచులు ఉంచవలెను. వండు అక్కలకు రెగ్యులేటరు తీసి మూత బిగించుట చేతులతో చేయించి చూపించవలెను. గ్రామపంచాయతీ కార్యాలయపు గోడమీదను, బడి గోడమీదను 1906 అను అంకెను మూరెడు ఎత్తు అక్షరములతో వ్రాయించి, దాని క్రింద మీ ఏజెన్సీ ఫోను నంబరును వ్రాయించుటకు ఒక సున్నపు డబ్బా, ఒక పూట పని చాలును.